ప్యాక్ చేసిన తాజా చేపల అంతర్జాతీయ వాణిజ్యం: గాలి తీసివేసిన తరువాత ఏమి మిగులుతుంది?

మత్స్య ఉత్పత్తులకు విలువ జోడించడంపై నిర్వహించే శిక్షణలలో ఔత్సాహికులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. వాక్యూమ్ ప్యాకింగ్ యంత్రం కొని, శుభ్రం చేసిన చేప ముక్కలను ప్యాక్ చేసి విదేశాలకు పంపవచ్చునా అని వారు అడుగుతారు. ప్యాకెట్టు చూడముచ్చటగా ఉంటుంది, నీరు కారదు, వాసన రాదు, రవాణాలో తక్కువ చోటు పడుతుంది. కనుక ‘పంపవచ్చును’ అని చెప్పడం సులభం. కాని ఆ చేపను గడ్డకట్టించి పంపితే సమాధానం ఒక విధంగానూ, గడ్డకట్టించకుండా చల్లగా పంపితే పూర్తిగా మరొక విధంగానూ ఉంటుంది. ఈ తేడాను స్పష్టం చేయకుండా ఇచ్చే సలహా వలన వ్యాపారికి నష్టం, వినియోగదారుకు ప్రాణాపాయం కలుగవచ్చు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ తేడాను గురించినది.

స్వల్ప ప్రాసెసింగ్ అంటే ఏమిటి?

తల, పేగులు తీయడం, కడగడం, ముళ్ళు తీసి ఫిల్లెట్లుగా కోయడం, మంచులో చల్లబరచడం, గడ్డకట్టించడం, స్వల్పంగా ఉప్పు పట్టించడం, తక్కువ వేడిలో పొగబెట్టడం వంటి పనులు చేప సహజ స్వభావాన్ని పెద్దగా మార్చవు. డబ్బాలలో నింపి అధిక ఉష్ణోగ్రత వద్ద శుద్ధి చేయడం, పూర్తిగా ఎండబెట్టడం ఈ కోవలోకి రావు. వాణిజ్య వర్గీకరణలో కూడా దాదాపు ఇటువంటి గీతే కనిపిస్తుంది. ప్రపంచ కస్టమ్స్ సంస్థ రూపొందించిన హెచ్.ఎస్. విధానంలో తాజా లేదా చల్లబరచిన చేపలు 0302 శీర్షిక కిందకు, గడ్డకట్టించినవి 0303 కిందకు, ఫిల్లెట్లు 0304 కిందకు, ఎండబెట్టిన, ఉప్పు పట్టించిన, పొగబెట్టిన చేపలు 0305 కిందకు వస్తాయి. మసాలా పట్టించినవి, పిండి పూత వేసినవి, వండినవి 16వ అధ్యాయానికి వెళతాయి. అనేక దేశాలలో 16వ అధ్యాయపు సరుకుపై సుంకం ఎక్కువ. అందువలన ఫిల్లెట్టుకు కొంచెం మసాలా రాసి పంపుదామనే ఆలోచన ఒక్కొక్కప్పుడు సుంకం లెక్కలోనే దెబ్బతింటుంది. విలువ జోడింపును గురించి బోధించేటప్పుడు ఈ విషయాన్ని మనం తరచుగా విస్మరిస్తున్నాము.

అయితే కస్టమ్స్ వర్గీకరణకు, ఆహార భద్రతకు సంబంధం లేదు. 0304 శీర్షిక కిందే మంచులో వచ్చిన ఫిల్లెట్టు, గడ్డకట్టిన ఫిల్లెట్టు రెండూ ఉంటాయి. సూక్ష్మజీవశాస్త్రం దృష్టిలో ఇవి రెండు వేర్వేరు ఆహారాలు.

దుర్వాసన చేసే మేలు

మంచులో ఉంచిన చేపను పాడుచేసేవి ముఖ్యంగా షివానెల్లా, సూడోమోనాస్ జాతుల బాక్టీరియాలు. సముద్రపు చేపల కండరంలోని ట్రైమిథైలమైన్ ఆక్సైడును షివానెల్లా వంటివి ట్రైమిథైలమైనుగా మారుస్తాయి. మనం ‘నీచు కంపు’ అనే వాసనకు ఇదే ముఖ్య కారణం. ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ ఈ మార్పు వేగం పుంజుకుంటుంది. సమశీతోష్ణ జలాల చేపలకు వాడుకలో ఉన్న లెక్క ఒకటి ఉంది. సెల్సియస్ ఉష్ణోగ్రతను 0.1తో గుణించి, 1 కలిపి, వచ్చిన దానిని వర్గం చేస్తే, 0 డిగ్రీలతో పోల్చినపుడు చేప ఎన్ని రెట్ల వేగంతో పాడవుతుందో తెలుస్తుంది. ఈ ప్రకారం 4 డిగ్రీల వద్ద దాదాపు 2 రెట్లు, 10 డిగ్రీల వద్ద 4 రెట్లు. అంటే 10 డిగ్రీల వద్ద ఒక రోజు గడిచిన చేప మంచులో నాలుగు రోజుల ఆయుష్షు కోల్పోయినట్లే. ఉష్ణమండల జలాల చేపలపై ఉండే సూక్ష్మజీవులు వెచ్చదనానికి అలవాటుపడినవి కాబట్టి, మంచులో పెట్టినపుడు అవి నెమ్మదిస్తాయి. అందువలన మన చేపలు మంచులో సాధారణంగా ఇంకొంత ఎక్కువ కాలం నిలుస్తాయి. అయితే ఈ అనుకూలత మంచు ఉన్నంత వరకే.

పాడైన చేప వాసనతో తన స్థితిని తానే చాటుకుంటుంది. వినియోగదారుడు ముక్కు మూసుకుని దానిని పారవేస్తాడు. ఈ దృష్టితో చూస్తే పాడుచేసే బాక్టీరియాలు ఒక విధమైన కాపలాదారులు. ప్యాకెట్టు నుండి గాలిని తీసివేసినపుడు ఆక్సిజన్‌పై ఆధారపడే సూడోమోనాస్ వంటివి అణగిపోతాయి. చేప ఎక్కువ రోజులు తాజాగా కనిపిస్తుంది. సరిగ్గా ఆ ఆక్సిజన్ లేని స్థితే క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బాక్టీరియాకు అనుకూలం.

ఈ బాక్టీరియాలో చేపలకు సంబంధించి అందరూ భయపడేది ‘ఇ’ రకం. దీని స్పోర్లు నదులు, సరస్సులు, సముద్రాల అడుగు బురదలో, ముఖ్యంగా ఉత్తరార్ధగోళపు శీతల జలాలలో ఉంటాయి. అక్కడి నుండి చేప పేగులలోకి, మొప్పలలోకి చేరుతాయి. ఇది సుమారు 3 డిగ్రీల వద్ద కూడా పెరిగి విషాన్ని తయారు చేయగలదు. మాంసకృత్తులను విచ్ఛిన్నం చేసే శక్తి దీనికి లేనందున దుర్వాసన గాని, ప్యాకెట్టు ఉబ్బడం గాని తప్పనిసరిగా కనిపించవు. దుకాణాల ఫ్రిజ్‌లు సాధారణంగా 4 నుండి 8 డిగ్రీల మధ్య నడుస్తాయి. కాబట్టి వాసన రాకముందే విషం తయారయ్యే అవకాశం సిద్ధాంతపరంగా మాత్రమే ఉన్నదని కొట్టివేయడానికి వీలులేదు.

1963లో అమెరికాలో ఇది రుజువైంది. గ్రేట్ లేక్స్ ప్రాంతంలో పొగబెట్టి ప్లాస్టిక్ వాక్యూమ్ సంచులలో ప్యాక్ చేసిన చేపలు శీతలీకరణ సరిగా లేకుండా దక్షిణాది రాష్ట్రాలకు చేరాయి. వాటిని తిన్నవారు ‘ఇ’ రకం బొట్యులిజంకు గురయ్యారు, మరణాలు సంభవించాయి. 1987లో జరిగిన మరొక సంఘటనలో ప్యాకింగ్ కంటే ప్రాసెసింగ్ లోపం పెద్దది. పేగులు తీయకుండా ఉప్పు పట్టించి ఆరబెట్టిన వైట్‌ఫిష్‌ను న్యూయార్క్‌లో కొన్నారు. దానిని తిని అక్కడ ఇద్దరు, ఇజ్రాయెల్‌కు తీసుకువెళ్ళగా అక్కడ ఆరుగురు జబ్బుపడ్డారు. ఒకరు మరణించారు. ఉప్పు కండరంలోకి చేరేలోపే పేగులలోని స్పోర్లు మొలకెత్తగలవు. సుమారు 5 అంగుళాలకు మించిన చేపను పేగులు తీయకుండా ఉప్పు పట్టించడాన్ని అమెరికా అధికారులు అంగీకరించకపోవడానికి ఇదే కారణం. వాణిజ్య సరుకుగా కాక ప్రయాణికుల సామానులో దేశం దాటిన చేప కూడా అంతర్జాతీయ సమస్య కాగలదని ఈ సంఘటన తెలియజేస్తుంది.

చేపను బాగా ఉడికిస్తే విషం నశిస్తుంది కదా అని విద్యార్థులు అడుగుతారు. నిజమే, లోపలి భాగం 85 డిగ్రీల వద్ద 5 నిమిషాలు ఉంటే విషం నిర్వీర్యమవుతుంది. మన చేపల పులుసు ఈ పరీక్షలో సునాయాసంగా నెగ్గుతుంది. కాని పైపైన కాల్చి తినేవారు, పచ్చిగా తినేవారు ఉన్న దేశాలకు సరుకు పంపుతున్నాము. దిగుమతి చేసుకునే దేశపు చట్టం వినియోగదారుని వంటగదిపై భారం మోపదు.

ఒకే ప్యాకెట్టు, వేర్వేరు నియమాలు

ఈ ప్రమాదాన్ని ఒక్కొక్క దేశం ఒక్కొక్క విధంగా అదుపు చేస్తున్నది. అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ మార్గదర్శకాల ప్రకారం చల్లబరచిన పచ్చి చేపకు వాడే ఫిల్మ్ గుండా చదరపు మీటరుకు 24 గంటలలో, 24 డిగ్రీల వద్ద, కనీసం 10,000 ఘన సెంటీమీటర్ల ఆక్సిజన్ లోపలికి రాగలగాలి. వ్యాపారంలో దీనిని ‘10కె ఫిల్మ్’ అంటారు. ఇటువంటి సంచిలో చేప పాడైతే వాసన వస్తుంది. అంటే కాపలాదారులను తిరిగి పనిలో పెట్టడమే ఇందులోని సూత్రం. గాలి చొరని ఫిల్మ్ వాడి, కేవలం చల్లదనంపైనే ఆధారపడదలిస్తే, వినియోగదారుకు చేరే ప్రతి ప్యాకెట్టుపైనా కాల-ఉష్ణోగ్రత సూచిక అతికించాలి. ఉష్ణోగ్రత హద్దు మీరితే ఈ సూచిక రంగు మార్చి తెలియజేస్తుంది. తగిన నియంత్రణ చూపని వాక్యూమ్ ప్యాక్ పచ్చి చేపలను పరీక్ష లేకుండానే నిలిపివేయడానికి 16-125 సంఖ్య గల దిగుమతి హెచ్చరిక అమలులో ఉంది. బ్రిటన్‌లో ఫిల్మ్ కంటే కాలానికి ప్రాధాన్యం. వేరే రక్షణ లేనపుడు 3 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచే వాక్యూమ్ ప్యాక్ ఆహారాలకు 10 రోజుల గడువును అక్కడి మార్గదర్శకాలు సూచిస్తాయి.

గడ్డకట్టించిన చేపకు ఈ చిక్కు లేదు. మైనస్ 18 డిగ్రీల వద్ద స్పోర్లు మొలకెత్తవు. అక్కడ వాక్యూమ్ ప్యాకింగ్ నిజంగా మేలు చేస్తుంది. కొవ్వు చేపలు ముక్కిపోకుండా, ఉపరితలం ఎండి తెల్లబడకుండా కాపాడుతుంది. ప్రమాదం కరిగించేటప్పుడు మొదలవుతుంది. కనుక ‘వాడే వరకు గడ్డకట్టిన స్థితిలో ఉంచవలెను, వాడే ముందు ఫ్రిజ్‌లో కరిగించవలెను’ అన్న సూచన ప్యాకెట్టుపై ముద్రించాలి. సంచిని కోసిన తరువాతనే కరిగించమని చెప్పడం ఇంకా మంచిది.

ఉప్పు లెక్క

పొగబెట్టిన చేప విషయంలో ఉప్పు మూడవ రక్షణ. ఇక్కడ చూడవలసినది చేపలోని మొత్తం ఉప్పు శాతం కాదు, చేపలోని నీటిలో కరిగి ఉన్న ఉప్పు శాతం. ఉప్పు శాతాన్ని 100తో గుణించి, ఉప్పు, తేమ శాతాల మొత్తంతో భాగిస్తే ఇది వస్తుంది. వాక్యూమ్ ప్యాక్ చేసి చల్లగా పంపే పొగచేపకు అమెరికా మార్గదర్శకం 3.5 శాతం. ఉదాహరణకు ఫిల్లెట్టులో ఉప్పు 2.5 శాతం, తేమ 68 శాతం ఉంటే, 250ని 70.5తో భాగించగా 3.55 వస్తుంది, సరిపోతుంది. అదే ఉప్పు ఉండి తేమ 75 శాతమైతే 3.23 మాత్రమే వస్తుంది, సరుకు నిలబడదు. ఉప్పు ఒక్క రవ్వ తగ్గించకపోయినా ఆరబెట్టే గదిలో రెండు గంటలు ఆదా చేసినవాడు ఇక్కడ తప్పుతాడు. ప్రయోగశాలలో విద్యార్థుల చేత సగటు నమూనాకు కాక, మందమైన భాగం నుండి తీసిన ముక్కకు ఈ లెక్క చేయించాలి. ఉప్పు ఆలస్యంగా చేరేది అక్కడికే.

30 డిగ్రీలు దాటని వేడిలో పొగబెట్టిన సాల్మన్‌కు ఈ ఉప్పు కూడా పూర్తి రక్షణ కాదు. లిస్టీరియా మోనోసైటోజీన్స్ ఉప్పును తట్టుకుంటుంది, ఫ్రిజ్ చలిలో పెరుగుతుంది, గాలి లేకపోయినా బతుకుతుంది. కోత యంత్రాల సందులలో, నేల కాలువలలో నెలల తరబడి తిష్ఠ వేస్తుంది. వండకుండా తినే ఈ చేపలో 25 గ్రాములకు లిస్టీరియా ఉండరాదని అమెరికా అంటుంది. ఐరోపా సమాఖ్య 2005 నాటి 2073 సంఖ్య నియమావళిలో గడువు ముగిసే వరకు గ్రాముకు 100కు మించదని ఉత్పత్తిదారు నిరూపించగలిగితే ఆ హద్దును అనుమతించింది. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే రోజున తయారైన సరుకు ఒక రేవులో చెల్లి మరొక రేవులో తిరస్కరణకు గురికావడం ఇందువలన సాధ్యమే.

వాయువుల మార్పు, రంగు మాయ

గాలిని పూర్తిగా తీసివేయడానికి బదులు వాయువుల నిష్పత్తిని మార్చే పద్ధతి ఐరోపా దుకాణాలలో విరివిగా కనిపిస్తుంది. తెల్ల కండర చేపలకు కార్బన్ డయాక్సైడ్ 40, నైట్రోజన్ 30, ఆక్సిజన్ 30 శాతం, కొవ్వు చేపలకు ఆక్సిజన్ లేకుండా కార్బన్ డయాక్సైడ్ 60, నైట్రోజన్ 40 శాతం సాధారణ పాళ్ళు. కార్బన్ డయాక్సైడ్ చేప తేమలో కరిగి బాక్టీరియాలను నిరోధిస్తుంది. చలి ఎక్కువైన కొద్దీ ఎక్కువగా కరుగుతుంది. చేప పరిమాణానికి రెండు, మూడు రెట్లు వాయువు ఉండాలి. కనుక విమాన రవాణాలో గాలికి కూడా కిరాయి కట్టవలసి వస్తుంది. అందుకే ఈ పద్ధతిని దూరదేశంలో కాక, దిగుమతి చేసుకున్న దేశంలోనే చివరి ప్యాకింగ్ దశలో ఎక్కువగా వాడుతున్నారు.

ఈ సందర్భంలో డెన్మార్క్ శాస్త్రవేత్త డాల్‌గార్డ్, ఆయన సహచరులు కాడ్ చేపపై చేసిన పరిశోధన పేర్కొనదగినది. కార్బన్ డయాక్సైడ్ ఉన్న ప్యాకెట్టులో కాడ్ ఆశించినంత కాలం నిలవకపోవడానికి కారణం ఫోటోబాక్టీరియం ఫాస్ఫోరియం అని వారు గుర్తించారు. ఈ బాక్టీరియా ఆ వాయువును బాగా తట్టుకుంటుంది, కాని గడ్డకట్టించడాన్ని తట్టుకోలేదు. ఫలితంగా, గడ్డకట్టించి కరిగించిన కాడ్‌ను వాయువు మార్చి ప్యాక్ చేస్తే అది ఎన్నడూ గడ్డకట్టని తాజా కాడ్ కంటే ఎక్కువ రోజులు నిలిచింది. ‘తాజా’ అన్న పదానికి విపణి ఇచ్చే ధరను, సూక్ష్మజీవశాస్త్రం ఇచ్చే విలువను ఒకటిగా భావించరాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ట్యూనా ఫిల్లెట్ల విషయంలో కార్బన్ మోనాక్సైడ్ వాడకం వివాదాస్పదం. ఇది కండరంలోని మయోగ్లోబిన్‌తో కలిసి చెర్రీ ఎరుపును స్థిరపరుస్తుంది. చేప పాతబడినా రంగు మాత్రం చెక్కుచెదరదు. ఐరోపా సమాఖ్య, జపాన్ దీనిని అనుమతించవు. అమెరికాలో శుద్ధి చేసిన పొగ రూపంలో అనుమతి ఉంది. ట్యూనా, కానాగంత, కవళ్ళు వంటి చేపలలో హిస్టిడిన్ ఎక్కువ. పట్టిన తరువాత వెచ్చగా ఉంచితే బాక్టీరియా దానిని హిస్టమిన్‌గా మారుస్తుంది. హిస్టమిన్ ఉడికించినా, గడ్డకట్టించినా పోదు. పడవపై మొదటి కొన్ని గంటలలో మంచు వేయకపోవడం వలన జరిగిన నష్టాన్ని ఆ తరువాత ఏ ప్యాకింగూ సరిదిద్దలేదు. రంగు కూడా దానిని దాచిపెడితే కొనుగోలుదారుకు దారి ఏది? ఈ విషయంలో ఐరోపా, జపాన్‌ల వైఖరే సమంజసమని నా అభిప్రాయం.

విక్టోరియా సరస్సు అనుభవం

మన పండుగప్పకు ఆఫ్రికాలో ఒక దాయాది ఉంది. అదే లేటెస్ ప్రజాతికి చెందిన నైల్ పెర్చ్. విక్టోరియా సరస్సు చుట్టూ కెన్యా, ఉగాండా, టాంజానియాలలో ఫిల్లెట్ ఫ్యాక్టరీలు వెలసి, మంచులో చల్లబరచిన ఫిల్లెట్లు విమానాలలో ఐరోపాకు వెళ్ళసాగాయి. ప్రాసెసింగ్ అతి స్వల్పం, కాలవ్యవధి అతి తక్కువ. 1997లో స్పెయిన్‌లో సాల్మోనెల్లా కనిపించడంతో ఆంక్షలు మొదలయ్యాయి. అదే సంవత్సరం చివర తూర్పు ఆఫ్రికాలో కలరా వ్యాపించగా, ఐరోపా సమాఖ్య తాజా చేపల దిగుమతిని నిలిపివేసి, గడ్డకట్టించిన వాటిని పరీక్షకు లోబరిచింది. కలరా కారణంగా ఇటువంటి నిషేధం సముచితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అభిప్రాయపడినా 1998 మధ్య వరకు అది కొనసాగింది. 1999లో కొందరు పురుగుమందులు చల్లి చేపలు పడుతున్నారన్న వార్తలతో మరొక నిషేధం వచ్చింది.

ఇందులో ఆంక్షల న్యాయాన్యాయాలను పక్కన పెట్టినా, తాజా సరుకు బలహీనత గమనించదగినది. గడ్డకట్టిన ఫిల్లెట్టు ప్రయోగశాల ఫలితం వచ్చే వరకు గోదాములో వేచి ఉండగలదు. తాజా ఫిల్లెట్టుకు ఆ వ్యవధి లేదు. కాబట్టి తాజా చేపల వ్యాపారం సరుకును పరీక్షించడంపై కాక, తయారైన విధానాన్ని నమ్మడంపై నడుస్తుంది. ఆ నమ్మకానికి ఆధారం హ్యాసప్ ప్రణాళిక, ప్రభుత్వ అధీకృత సంస్థ ధ్రువపత్రం. అమెరికాలో మత్స్య ఉత్పత్తులకు హ్యాసప్ 1997 డిసెంబరు నుండి తప్పనిసరి. ఐరోపా దేశాలకు పంపాలంటే ఎగుమతి చేసే దేశం, ఆ ఫ్యాక్టరీ రెండూ ఆమోదిత జాబితాలో ఉండాలి.

1997లోనే మన దేశపు మత్స్య ఉత్పత్తులపైనా ఐరోపా నిషేధం విధించింది. ఫ్యాక్టరీల పారిశుద్ధ్యం, ముఖ్యంగా రొయ్యలు ఒలిచే పని బయటి షెడ్లలో జరగడం, విమర్శకు గురయ్యాయి. ఆ తరువాత ఒలుపు పని ఫ్యాక్టరీ ఆవరణలోకి వచ్చింది. నీరు, మంచు, గోడలు, కార్మికుల చేతులు అన్నీ నమోదుల కిందకు చేరాయి. బయటి షెడ్లపై ఆధారపడిన మహిళా కూలీలపై ఈ మార్పు భారం ఎక్కువగా పడింది. నాణ్యతా నియమాల చరిత్రలో ఈ భాగాన్ని పాఠ్యపుస్తకాలు క్లుప్తంగానైనా చెప్పవు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇవ్వవలసిన సలహా

రాష్ట్రం నుండి విదేశాలకు వెళ్ళేది విలువ రీత్యా ప్రధానంగా గడ్డకట్టించిన వనామి రొయ్య. కొల్లేరు, భీమవరం ప్రాంతాల బొచ్చె, శీలావతి చేపలు ఎక్కువగా మంచు పెట్టెలలో లారీలపై తూర్పు, ఈశాన్య రాష్ట్రాలకు వెళుతున్నాయి. ఈ రెండవ వ్యాపారంలో చేపకు, మంచుకు మధ్య పాళ్ళు అనుభవంతో కుదిరినవి. 30 డిగ్రీల వద్ద ఉన్న చేపను 0 డిగ్రీలకు దింపడానికి ఒక కిలో మంచు సుమారు మూడు కిలోల చేపకు చాలు. కాని పెట్టె గోడల గుండా వచ్చే వేడి, ప్రయాణ కాలం కలిపితే సమపాళ్ళు అవసరమవుతాయి. ఇంతటి చలి క్రమశిక్షణ ఉన్నచోట ఫిల్లెట్టు తయారీకి పునాది ఉన్నట్లే.

అయితే చల్లని వాక్యూమ్ ఫిల్లెట్టుతో ఎగుమతి ఆరంభించమని ఔత్సాహికులకు చెప్పరాదు. పండుగప్ప ఫిల్లెట్లను విడివిడిగా గడ్డకట్టించి, వాక్యూమ్ సంచిలో, కంటెయినరులో పంపడం మొదటి మెట్టు. సముద్రపు చేపలను పచ్చిగా తినే విపణికి పంపేవారికి ఇందులో మరొక ప్రయోజనం ఉంది. అనిసాకిస్ వంటి పరాన్నజీవులను చంపడానికి ఐరోపా నియమం మైనస్ 20 డిగ్రీల వద్ద 24 గంటలు, అమెరికా మార్గదర్శకం అదే ఉష్ణోగ్రత వద్ద 7 రోజులు కోరుతున్నాయి. దేశీయ నగరాలలో చల్లని ప్యాకెట్లు అమ్మదలచినవారికి గాలి చొరబడే ఫిల్మ్, లేదా మూతపెట్టిన ట్రే చాలు. అందానికి వాక్యూమ్ కావాలని పట్టుబడితే గడ్డకట్టించి అమ్మమనాలి.

యంత్రం కొనే ముందు ఫిల్మ్ సరఫరాదారు నుండి ఆక్సిజన్ ప్రసరణ రేటు ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ రేటును ఏ ఉష్ణోగ్రత వద్ద, ఎంత తేమ వద్ద కొలిచారో అందులో ఉండాలి. 24 డిగ్రీల వద్ద 10,000 ఉన్న ఫిల్మ్ మంచు పెట్టెలో అంత ప్రసరణ ఇవ్వదు. రెండు సంచులు ఒకదానిపై ఒకటి పేర్చినా, లేబులు పెద్దదిగా అతికించినా ప్రసరణ ఇంకా తగ్గుతుంది. మన శిక్షణ కేంద్రాలలో ప్రదర్శించే ప్యాకెట్లపై సగం భాగాన్ని లేబులే ఆక్రమిస్తున్నది.